గీతకు ఇవతల మిగిలినవారు

ఐర్లండ్ వాయవ్య మూలన ఉన్న డొనెగాల్ కౌంటీలో 1973లో ఒక చిన్న రాజకీయ పార్టీ పుట్టింది. పేరు డొనెగాల్ ప్రోగ్రెసివ్ పార్టీ. దాని కార్యక్షేత్రం ఆ ఒక్క కౌంటీయే. దేశ పార్లమెంటు దిగువ సభ అయిన డాయిల్‌లో దానికి ఒక్క స్థానమూ దక్కలేదు. చరిత్రలో దాని ఖాతాకు చెప్పుకోదగ్గ విజయం ఒక్కటే: కౌంటీ కౌన్సిల్‌లో, లెటర్‌కెన్నీ నియోజకవర్గం నుంచి, రెండు దశాబ్దాలకు పైగా ఒక కుర్చీని నిలబెట్టుకోవడం. శతాబ్దం మలుపు తిరిగే వేళకు ఆ కుర్చీ కూడా పోయింది. ఇప్పుడు ఈ ఊళ్లో ఆ పేరు గుర్తున్నవారు నడివయసు దాటినవారే.

ఇంత చిన్న పార్టీ గురించి ఇంత దూరం నుంచి వచ్చిన తెలుగువాడు ఎందుకు రాయాలి అని పాఠకులకు అనిపించవచ్చు. గెలిచిన పార్టీల చరిత్ర ప్రభుత్వాల చరిత్రలో కలిసిపోతుంది. ఒక్క స్థానం కోసం పుట్టి, ఆ ఒక్క స్థానంతోనే బతికి, అది పోయాక కనుమరుగైన పార్టీ వేరొక ప్రశ్నను మన ముందు ఉంచుతుంది. ఒక దేశంలో తక్కువమంది ఉన్న జనం తమ పేరుతో తామే మాట్లాడాలంటే ఏం కావాలి? ఆ అవకాశం పోయినప్పుడు పోయేది ఏమిటి?

ఈ పార్టీకి ఓటు వేసినవారు ముఖ్యంగా తూర్పు డొనెగాల్‌లోని ప్రొటెస్టెంట్లు. ఉత్తర ఐర్లండ్‌లోని అల్స్టర్ యూనియనిస్టులతో, అంటే బ్రిటన్‌తో కలిసి ఉండాలని కోరేవారితో, వారికి రక్తబంధుత్వమూ మనోబంధుత్వమూ ఉన్నాయి. కానీ వారు నివసించేది బ్రిటన్ నుంచి విడిపోవడమే పునాదిగా ఏర్పడిన గణతంత్ర రాజ్యంలో. ఈ చిక్కుముడి ఎలా పడిందో తెలియాలంటే ఒక పటం గీసిన నాటి సంగతులు తెలియాలి. అంతకన్నా ముందు, వారు ఇక్కడికి ఎలా వచ్చారో తెలియాలి.

1607లో లెటర్‌కెన్నీకి ఉత్తరాన ఉన్న రథ్‌మల్లన్ రేవు నుంచి అల్స్టర్ ప్రాంతపు గేలిక్ ప్రభువులు ఓడ ఎక్కి ఐరోపా ఖండానికి వెళ్లిపోయారు. మళ్లీ తిరిగి రాలేదు. వారి భూములను ఆంగ్ల ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, 1609 నుంచి స్కాట్లండ్, ఇంగ్లండ్ దేశాల ప్రొటెస్టెంట్లను రప్పించి పంచిపెట్టింది. డొనెగాల్‌లో పడమర అంతా కొండలు, రాళ్లు, బురదనేలలు. తూర్పున ఫాయిల్ నది వైపు ఉన్న లాగన్ అనే లోయ సారవంతమైనది. కొత్తగా వచ్చినవారు స్థిరపడింది ఎక్కువగా ఆ లోయలోనే. రఫో, కాన్వాయ్, మానర్‌కన్నింగ్‌హామ్, సెయింట్ జాన్‌స్టన్ వంటి ఊళ్లు అలా పెరిగినవే. నేటికీ అక్కడి పెద్దల మాటలో స్కాట్లండ్ యాస వినిపిస్తుంది. కొండల్లో ఐరిష్ భాష, లోయలో అల్స్టర్ స్కాట్స్: ఒకే కౌంటీలో రెండు నేలలు, రెండు మాటలు, రెండు ప్రార్థనాలయాలు.

మూడు శతాబ్దాలు గడిచినా లాగన్ రైతుకు పట్నం అంటే డెర్రీయే. ధాన్యం అమ్మినా, పశువులను తోలుకెళ్లినా, పిల్లను ఇచ్చినా అటువైపే. తమది అల్స్టర్ అని వారు అనుకున్నప్పుడు ఆ మాటకు అర్థం తొమ్మిది కౌంటీల అల్స్టర్ అనే. డెర్రీకీ తమకూ మధ్య ఒక అంతర్జాతీయ సరిహద్దు వస్తుందని వారి ఊహలోకి రాలేదు.

1912 సెప్టెంబర్ 28న ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇవ్వరాదంటూ అల్స్టర్ ప్రొటెస్టెంట్లు ఒక ప్రతిజ్ఞాపత్రంపై సంతకాలు చేశారు. మగవారు 2,37,368 మంది ఆ పత్రంపైన, ఆడవారు 2,34,046 మంది దానికి తోడుగా తయారైన మరో పత్రంపైన సంతకం పెట్టారు. తొమ్మిది కౌంటీల ప్రజలూ అందులో ఉన్నారు. ఒకరికొకరు తోడు నిలుస్తామన్నది ఆ ప్రతిజ్ఞ సారాంశం. డొనెగాల్, కావన్, మొనాహన్ కౌంటీల యూనియనిస్టులు ఆ మాటను అక్షరాలా నమ్మారు.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి లెక్క మారింది. 1920లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్‌ను రెండుగా చీల్చి రెండు శాసనసభలు ఏర్పాటు చేసే బిల్లు తెచ్చింది. ఉత్తర భాగంలో తొమ్మిది కౌంటీలు ఉండాలా, ఆరు ఉండాలా అన్నది చర్చ. పైన చెప్పిన మూడు కౌంటీల్లో యూనియనిస్టులు సుమారు డెబ్బై వేలు, వారిని వ్యతిరేకించేవారు సుమారు రెండు లక్షల అరవై వేలు. ఈ అంకెలను బ్రిటిష్ కామన్స్ సభలో వివరించినవాడు చార్లెస్ క్రెయిగ్, ఉత్తర ఐర్లండ్ మొదటి ప్రధాని కాబోతున్న జేమ్స్ క్రెయిగ్‌కు సోదరుడు. తొమ్మిది కౌంటీలతో అరవై నాలుగు మంది సభ ఏర్పడితే తమకు మూడు నాలుగు స్థానాల ఆధిక్యమే మిగులుతుంది, ఒకరిద్దరికి జ్వరం వస్తే ప్రభుత్వం పడిపోతుంది. ఆరు కౌంటీలతో యాభై రెండు మంది సభ అయితే పది స్థానాల ఆధిక్యం ఖాయం. కాబట్టి మూడు కౌంటీలను వదులుకోవడమే మేలని ఆయన వాదన.

1920 మార్చి 10న అల్స్టర్ యూనియనిస్ట్ కౌన్సిల్ ఆ లెక్కనే ఆమోదించింది. మూడు కౌంటీల ప్రతినిధులు ప్రతిజ్ఞను గుర్తుచేశారు, కరపత్రం అచ్చువేసి పంచారు, మే నెలలో మరోసారి సమావేశం పెట్టించి మళ్లీ ఓడిపోయారు. వారిని వదిలిపెట్టింది శత్రువులు కాదు, చేతిలో చెయ్యేసి ప్రమాణం చేసిన తోటివారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు తూర్పు డొనెగాల్ ప్రొటెస్టెంట్లు రాజకీయాల్లో పాటించిన మౌనంలో, ఎవరినీ పూర్తిగా నమ్మకపోవడంలో, ఈ గాయం పాత్ర పెద్దదే.

సరిహద్దు మొదట్లో కాగితం మీది గీతే. 1923 ఏప్రిల్ 1న సుంకం చౌకీలు వెలిశాయి. అంతవరకు పక్క ఊరైన డెర్రీ ఆ ఉదయం నుంచి పరదేశం. లాగన్ రైతుకు సొంత అంగడి సరిహద్దుకు అవతల పడింది. అప్పటికి చిన్న ఊరైన లెటర్‌కెన్నీ కాలక్రమంలో కౌంటీలోకెల్లా పెద్ద పట్నంగా ఎదగడానికి ఒక కారణం ఇదే. డెర్రీ కోల్పోయిన వ్యాపారంలో కొంత ఇటు మళ్లింది.

గీతను సవరిస్తారన్న ఆశ ఇంకా ఉండింది. 1921 ఒప్పందం పన్నెండో అధికరణం ప్రకారం ఒక సరిహద్దు సంఘం ఏర్పడింది. దక్షిణాఫ్రికా న్యాయమూర్తి రిచర్డ్ ఫీతమ్ అధ్యక్షుడు, ఐరిష్ ప్రభుత్వం తరఫున ఓన్ మక్‌నీల్, ఉత్తర ఐర్లండ్ పక్షాన జె. ఆర్. ఫిషర్ సభ్యులు. సంఘం పల్లెలు తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. తూర్పు డొనెగాల్‌లో కొంత భాగాన్ని ఉత్తర ఐర్లండ్‌కు ఇవ్వాలని సిఫారసు చెయ్యబోతోందన్న వార్తను 1925 నవంబర్ 7న లండన్ పత్రిక మార్నింగ్ పోస్ట్ బయటపెట్టింది. డబ్లిన్‌లో గగ్గోలు పుట్టింది. భూమి వస్తుందనుకున్న సంఘం భూమిని తీసుకుపోతోందని తెలిసి మక్‌నీల్ రాజీనామా చేశాడు. డిసెంబర్ 3న మూడు ప్రభుత్వాలూ కూర్చుని, ఉన్న గీతను ఉన్నట్టే ఉంచుదామని ఒప్పుకున్నాయి. నివేదికను భద్రంగా దాచేశారు. అది పుస్తకంగా వెలుగు చూసింది 1969లో. తమ పొలం ఏ దేశంలో ఉండాలని సంఘం భావించిందో లాగన్ ప్రజలు అధికారికంగా చదువుకునేసరికి నలభై నాలుగేళ్లు గడిచాయి.

అయినా 1934లో తూర్పు డొనెగాల్ ప్రొటెస్టెంట్లు ఏడు వేలకు పైగా సంతకాలతో లండన్, బెల్‌ఫాస్ట్ ప్రభుత్వాలకు ఒక అర్జీ పంపారు. మమ్మల్ని ఉత్తర ఐర్లండ్‌లో కలపండి అన్నది వారి కోరిక. అప్పటికి డి వలేరా ప్రభుత్వం బ్రిటన్‌తో ఆర్థిక యుద్ధంలో ఉంది, పశువుల ధర పడిపోయింది, బడుల్లో ఐరిష్ భాష తప్పనిసరి అయింది. అర్జీ వల్ల ఫలితం ఏమీ రాలేదు. గీతను జరపమని అడగడం అదే చివరిసారి కాకపోయినా, అడిగితే జరుగుతుందన్న నమ్మకం అంతటితో అడుగంటింది.

ఇక మిగిలింది గీతకు ఇవతలే ఒక కుర్చీ సంపాదించుకోవడం. నిజానికి ఆ పని 1923లోనే మొదలైంది. బాలిషానన్‌కు చెందిన మేజర్ జేమ్స్ స్ప్రౌల్ మైల్స్ స్వతంత్ర అభ్యర్థిగా డాయిల్‌కు ఎన్నికై ఇరవై ఏళ్లు కొనసాగాడు. 1943లో తూర్పు డొనెగాల్ స్థానానికి విలియం షెల్డన్ వచ్చాడు. ఆయన 1961 వరకు డాయిల్‌లో, ఆపైన 1973 వరకు సెనేట్‌లో ఉన్నాడు. ఈ యాభై ఏళ్లలో వారికి పార్టీ లేదు. వ్యక్తే పార్టీ. గౌరవనీయుడైన ఒక భూస్వామినో వర్తకుడినో ముందు నిలబెట్టి, మిగతావారు వెనక నిలబడేవారు. ప్రభుత్వంతో తగవు పెట్టుకోకుండా, గొంతు పెంచకుండా పని చేయించుకోవడం వారి పద్ధతి.

ఇంత తక్కువమంది ఇన్నేళ్లు గెలుస్తూ రావడానికి కారణం వారి బలం కన్నా ఐర్లండ్ ఓటు పద్ధతి. మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు చూసినవారికి ఇది కొత్త కాదు. ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యక్రమం రాస్తాడు. తేడా ఏమంటే ఇక్కడ ఒక నియోజకవర్గం నుంచి పలువురు ఎన్నికవుతారు. చెల్లిన ఓట్లను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి మరొక ఓటు చేరిస్తే అది గెలుపుకు కావలసిన కోటా. లెటర్‌కెన్నీ నియోజకవర్గానికి ఇప్పుడు ఏడు స్థానాలు. ఎనిమిది వేల ఓట్లు పడ్డాయనుకుంటే, వెయ్యిన్నొక్క ఓటు తెచ్చుకున్నవాడు గెలిచినట్టే. ఎనిమిదో వంతు జనం ఒక్కటిగా నిలబడితే ఎవరి దయతోనూ నిమిత్తం లేకుండా ఒక కుర్చీ వారిది. మన అసెంబ్లీ ఎన్నికల పద్ధతిలో నియోజకవర్గానికి ఎనిమిదో వంతు ఓట్లు తెచ్చుకున్నవాడికి డిపాజిట్ కూడా దక్కదు.

సరిహద్దుకు అవతల ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో కూడా మొదట ఇదే దామాషా విధానం ఉండేది. అక్కడి యూనియనిస్ట్ ప్రభుత్వం స్థానిక ఎన్నికల్లో 1922లోనూ, శాసనసభ ఎన్నికల్లో 1929లోనూ దాన్ని రద్దు చేసింది. వార్డుల హద్దులు తిరగరాసి, కాథలిక్కులు ఎక్కువమంది ఉన్న డెర్రీలో ప్రొటెస్టెంట్ల పాలన దశాబ్దాల పాటు నిలిచేలా చేసింది. 1968 అక్టోబర్ 5న డెర్రీ వీధుల్లో పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసులు లాఠీలు ఝళిపించినప్పుడు పేలింది ఆ పేరుకుపోయిన కసి. దక్షిణాన కూడా దామాషా విధానాన్ని తొలగించాలని ప్రభుత్వం 1959లో ఒకసారి, 1968లో మరోసారి ప్రజాభిప్రాయం కోరింది. రెండుసార్లూ ప్రజలు వద్దన్నారు. 1959లో అదే రోజు డి వలేరాను అధ్యక్షుడిగా గెలిపించిన ఓటర్లే ఆయన ప్రతిపాదనను ఓడించారు.

దీన్నిబట్టి దక్షిణం ధర్మాత్ముల దేశమనీ, ఉత్తరం దుర్మార్గుల దేశమనీ అనుకోనక్కర్లేదు. 1911 నుంచి 1926 మధ్య ఇరవై ఆరు కౌంటీల్లో ప్రొటెస్టెంట్ల సంఖ్య మూడో వంతు తగ్గింది. సైన్యం వెళ్లిపోవడం, మొదటి ప్రపంచయుద్ధపు చావులు, ఉద్యోగాల కోసం వలసలు కొంత కారణమైతే, అంతర్యుద్ధకాలపు బెదిరింపులూ ఇళ్ల దహనాలూ మరికొంత కారణం. ఆ తర్వాత దెబ్బ పెళ్లిపీటల మీద పడింది. కాథలిక్కును పెళ్లాడే ప్రొటెస్టెంటు తమ బిడ్డలను కాథలిక్కులుగా పెంచుతానని మాట ఇవ్వాలని ఆ చర్చి కట్టడి చేసింది. 1908 నాటి వాటికన్ ఆదేశం దీన్ని కఠినం చేసింది. ఒక్క తరంలో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కొమ్మ అవతలి వృక్షానికి చేరిపోయింది. ప్రొటెస్టెంట్ యువతీయువకులు కలుసుకునేందుకు చర్చి హాళ్లలో నృత్యసభలు, టెన్నిస్ పోటీలు ఏర్పాటు చేసిన తల్లిదండ్రుల ఆరాటంలో మతాభిమానం కన్నా సంతానం మిగలదన్న భయమే ఎక్కువేమో. తమ కులంలో సంబంధం కోసం మన పెద్దలు పడే ఆరాటానికి అలవాటుపడ్డ మనకు దీన్ని విమర్శించడం ఎంత సులభమో అర్థం చేసుకోవడమూ అంతే సులభం.

ఇప్పుడు 1973కు వద్దాం. ఆ ఏడాది జనవరి 1న ఐర్లండ్, బ్రిటన్ రెండూ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాయి. అంతకు కొద్ది వారాల ముందు, 1972 డిసెంబర్ 7న, రాజ్యాంగంలో కాథలిక్ చర్చికి ఉన్న ప్రత్యేక స్థానాన్ని తొలగించడానికి ప్రజలు భారీ మెజారిటీతో ఓటు వేశారు. బడి చివరి పరీక్షలో ఉత్తీర్ణత పొందాలంటే ఐరిష్ భాషలో నెగ్గి తీరాలన్న నియమాన్ని 1973లోనే ఎత్తివేశారు. ప్రొటెస్టెంట్ అయిన ఎర్స్‌కిన్ చైల్డర్స్ అదే ఏడు దేశాధ్యక్షుడయ్యాడు. షెల్డన్ సెనేట్ నుంచి దిగిపోయింది కూడా ఆ సంవత్సరమే. తలుపులు తెరుచుకుంటున్నాయి, పాత తరం పెద్దమనిషి తప్పుకుంటున్నాడు.

అదే సమయంలో సరిహద్దు పొడవునా బాంబులు పేలుతున్నాయి. 1974 మార్చిలో పక్కనున్న మొనాహన్ కౌంటీలో బిల్లీ ఫాక్స్ అనే సెనేటర్‌ను ఐఆర్ఏ సాయుధులు కాల్చి చంపారు. ఆయన ప్రొటెస్టెంట్, దేశంలోని రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన ఫిన గేల్ సభ్యుడు. పెద్ద పార్టీలో ఉన్నంత మాత్రాన రక్షణ లేదని సరిహద్దు ప్రొటెస్టెంట్లకు తెలిసివచ్చింది. ఇలాంటి రోజుల్లో తూర్పు డొనెగాల్‌లో సొంత జెండా కట్టడం తేలిక పని కాదు. పార్టీ పేరులో మతం లేదు, యూనియన్ అన్న మాట లేదు, అల్స్టర్ అన్న మాటా లేదు. ‘ప్రోగ్రెసివ్’ అంటే పురోగామి. పేరు చూసి ఎవరికీ కోపం రాదు, ఎవరి కోసమో తెలియవలసినవారికి మాత్రం తెలుస్తుంది. ఆ పేరులోనే వారి పరిస్థితి అంతా ఇమిడి ఉంది.

కౌంటీ కౌన్సిల్ అధికారాలు పరిమితం. రోడ్లు, ఇళ్ల కేటాయింపు, నిర్మాణాల అనుమతులు, అప్పట్లో మంచినీళ్లు. వీటిలో బ్రిటన్‌తో కలవడం గురించి గానీ, సార్వభౌమత్వం గురించి గానీ ఏమీ లేదు. లాగన్ రైతు తన పొలం దారి గుంతల గురించి, కొడుకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి గురించి చెప్పుకోవాలంటే, ఆదివారం తన పక్క బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు కౌన్సిల్‌లో ఉన్నాడు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ యాభై ఏళ్ల పాటు తల వంచుకుని బతకడం నేర్చుకున్న జనానికి, ఫలానా పని కావాలని బహిరంగంగా అడిగే మనిషి ఉండడం, ఆ మనిషి పేరు ఓటుకాగితం మీద అచ్చుపడడం చిన్న విషయం కాదు. తమ తాతలు సంతకం చేసిన అర్జీలో ఈ రాజ్యం నుంచి మమ్మల్ని తప్పించండి అని ఉంది. మనవలు వేసిన ఓటులో ఈ రాజ్యంలో మా వాటా మాకు ఇవ్వండి అని ఉంది. సొంత గుర్తింపును వదులుకోకుండానే వారు రాజ్యాన్ని ఒప్పుకున్నారు. నా దృష్టిలో ఈ పార్టీ సాధించిన అసలు పని ఇది, ఆ మాటను దాని నాయకులు ఎన్నడూ అలా చెప్పుకోకపోయినా.

పార్టీ ఎందుకు ముగిసింది? లెటర్‌కెన్నీ పెరిగింది. కొత్త కాలనీలు, కొత్త ఉద్యోగులు, కొత్త ఓటర్లు వచ్చారు. కోటా పెరిగింది గానీ దాన్ని చేరుకోవలసిన జనం పెరగలేదు. 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందంతో ఉత్తరాన తుపాకుల మోత తగ్గింది, సరిహద్దు చౌకీలు ఎత్తివేశారు. లాగన్ రైతుకు డెర్రీ మళ్లీ పక్క ఊరయింది. ప్రాధాన్య ఓటు పద్ధతిలో చిన్న పార్టీ ఓటరు రెండో అంకె ఎవరి పక్కన రాస్తాడన్నది పెద్ద పార్టీలకు ముఖ్యం. ఆ రెండో అంకె కోసం మర్యాద చేస్తూ చేస్తూ వారు ప్రొటెస్టెంట్ అభ్యర్థులను తామే నిలబెట్టడం నేర్చుకున్నారు. రెండో అంకె మొదటి అంకె అయింది. పార్టీకి పని లేకుండా పోయింది.

దీన్ని ఓటమి అనాలా? ఈ విషయం తేల్చడానికి ఇదే ఖండపు మరో మూలన ఉన్న ఇంకో జనాన్ని చూడడం మంచిది. సెర్బియా దక్షిణాన, కొసోవోను ఆనుకుని, ప్రెషెవో లోయ ఉంది. అక్కడి అల్బేనియన్ల పరిస్థితి లాగన్ ప్రొటెస్టెంట్లకు అద్దంలో ప్రతిబింబం వంటిది. తమవారు అధికంగా ఉన్న కొసోవో గీతకు అవతల, తాము ఇవతల. 1990లో వారు ఒక పార్టీ పెట్టుకున్నారు, రిజా హలిమి దాని నాయకుడు. 1992లో మమ్మల్ని కొసోవోలో కలపండి అని తమలో తాము ఓటు వేసుకున్నారు. అది డొనెగాల్‌వారి 1934 అర్జీ వంటిదే, ఫలితమూ అటువంటిదే. ఆ తర్వాత కొందరు తుపాకులు పట్టారు, 2001లో ఒప్పందం కుదిరి ఆయుధాలు దించారు. సెర్బియా పార్లమెంటులో స్థానం కావాలంటే దేశమంతటా ఐదు శాతం ఓట్లు రావాలన్న నియమం ఉండేది. ఒక లోయ జనానికి అది అసాధ్యం. అల్పసంఖ్యాకుల పార్టీలకు ఆ నియమాన్ని సడలించాక, 2007లో హలిమి బెల్‌గ్రేడ్ సభలో కూర్చున్నాడు. అక్కడ కూడా కథ అదే వరుసలో సాగింది: మొదట గీతను జరపమన్నారు, చివరికి కుర్చీ తెచ్చుకున్నారు. ప్రెషెవోకూ లాగన్‌కూ తేడా మధ్యలో వచ్చిన తుపాకులు. లాగన్‌వారికి కుర్చీ ముందునుంచీ అందుబాటులో ఉంది.

మన సంగతి చూద్దాం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనవైపు వచ్చాయి, బళ్లారి తాలూకా మైసూరుకు పోయింది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. హోసూరు ముందునుంచీ అటే ఉండిపోయింది. గీతకు అవతల మిగిలిన తెలుగువారి కోసం 1956లోనే రాజ్యాంగంలో అధికరణాలు చేర్చారు. ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాటు, భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి వాటిలో ముఖ్యమైనవి. కాగితం మీద ఉన్న హక్కు 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసినప్పుడు ఎంత బలహీనమో తేలింది. హోసూరు తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కారు. 1930ల నాటి లాగన్ తల్లిదండ్రుల ఐరిష్ గోడు వింటే వారికి పరాయిదిగా తోచదు.

అయినా హోసూరులో తెలుగు పార్టీ అవసరం పడలేదు. తెలుగు మాట్లాడేవారు అక్కడ ఒకచోట దండిగా ఉన్నారు కాబట్టి పెద్ద పార్టీలే తెలుగు అభ్యర్థులను నిలబెడతాయి. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి, తమిళనాడుకు జయం పలికి ముగించారు. ఒక్క నిమిషం మాట. కానీ అందులో ఎవరినీ ధిక్కరించకుండానే నా భాష ఇది, నా రాష్ట్రం ఇది అన్న ప్రకటన ఉంది. లెటర్‌కెన్నీ కౌన్సిల్ కుర్చీలో ఉన్నదీ అదే.

జనం ఒకచోట గుమిగూడి ఉంటే మన పద్ధతిలో పెద్ద పార్టీలు వారి దగ్గరికి వస్తాయి. చెదిరి ఉంటే, ఎనిమిదో వంతు మాత్రమే ఉంటే, వారిని పలకరించే నాథుడు ఉండడు. మన రాష్ట్రాల్లోనే ఉన్న తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ కుటుంబాల గురించి మనం ఎన్నిసార్లు ఆలోచించాం? వారి ఓటు ఎటు పడినా ఫలితం మారని చోట్ల వారి గోడు ఎవరు వింటారు? గీతకు అవతల మిగిలిన తెలుగువారి కోసం బాధపడే హక్కు, గీతకు ఇవతల మనతో మిగిలినవారిని పట్టించుకున్నప్పుడే నిలుస్తుంది.

ప్రోగ్రెసివ్ పార్టీ ముగింపు గురించి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక అల్పసంఖ్యాక పార్టీ రెండు విధాలుగా మాయమవుతుంది. నోరు నొక్కితే మాయమవుతుంది, అవసరం తీరితే మాయమవుతుంది. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఓటుకాగితం మీద ఒక పేరు తగ్గుతుంది. ఏది జరిగిందో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష: రేపు మళ్లీ అవసరం పడితే ఆ జనం తిరిగి తమ పేరుతో నిలబడగలరా? డొనెగాల్‌లో నిలబడగలరు. ఇళ్ల గోడలకు వాడిన నాసిరకం దిమ్మెలు పగిలి నష్టపోయిన కుటుంబాలు సొంత పార్టీ పెట్టుకుని 2024లో కౌన్సిల్‌లో నాలుగు స్థానాలు, డాయిల్‌లో ఒకటి గెలుచుకున్నాయి. వారి కష్టం వేరు, కోటా అదే. తలుపు మూసుకుపోలేదనడానికి ఇది సాక్ష్యం.

అవసరం తీరినా ఒకటి మాత్రం పోతుంది. పెద్ద పార్టీ టికెట్ మీద గెలిచినవాడు తనవారి గురించి మాట్లాడవచ్చు, కానీ తనవారి కోసమే అక్కడికి వచ్చానని చెప్పలేడు. పార్టీ విప్ ఒకవైపు, పక్కబల్ల మనిషి ఒకవైపు లాగినప్పుడు ఎటు మొగ్గాలన్నది అతనికి రోజూ ఎదురయ్యే పరీక్ష. ప్రోగ్రెసివ్ పార్టీ సభ్యుడికి ఆ పరీక్ష లేదు.

ఈ ఊళ్లో ఇప్పుడు ఇరవై రెండు వేల పైచిలుకు జనం. ఆసుపత్రిలో, కళాశాలలో, కంప్యూటర్ కంపెనీల్లో భారతీయులు తగినంతమంది కనిపిస్తారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. ఐర్లండ్ స్థానిక ఎన్నికల్లో ఓటు వెయ్యడానికీ పోటీ చెయ్యడానికీ పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు. ఈ సంగతి మనవారిలో చాలామందికి తెలియదు, తెలిసినవారు ఆ ఎన్నిక మనది కాదనుకుంటారు. కేరళలో పుట్టిన బేబీ పెరెప్పాడన్ 2024లో దక్షిణ డబ్లిన్ కౌంటీకి మేయర్ అయ్యాడు, ఫిన గేల్ సభ్యుడిగా. అది ఒక దారి. భారతీయుల పార్టీ పెట్టాలని నేను అనడం లేదు, లాగన్‌వారికి ఉన్నటువంటి గాయం గానీ చరిత్ర గానీ మనకు ఇక్కడ లేదు. కానీ వచ్చే స్థానిక ఎన్నికల్లో ఇంటి తలుపు తట్టే అభ్యర్థికి మన ఓటు కోటాలో ఎన్నో వంతో తెలిసి ఉండాలి, మనకూ తెలిసి ఉండాలి. అందుకు చెయ్యవలసిన మొదటి పని ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవడం.